నాన్నగారికి ఒక రకం సంరక్షణ, అమ్మకు మరో రకం: గుంటూరు, విజయవాడ పరిసరాల్లో ఏ స్థాయి నివాసం ఎంచుకోవాలి?

ప్రశ్న: బ్రాడీపేట ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు గుంటూరు బ్రాడీపేటలోని సొంత ఇంట్లో ఉంటున్నారు. నాన్నగారికి 81 ఏళ్లు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. కొన్నేళ్లుగా పార్కిన్సన్స్ వ్యాధికి మందులు వాడుతున్నారు. మాట, జ్ఞాపకశక్తి బాగానే ఉన్నాయి కానీ నడక మందగించింది. స్నానానికీ, చొక్కా గుండీలు పెట్టుకోవడానికీ సాయం కావాలి. అమ్మకు 75. మోకాళ్ల నొప్పులు తప్ప ఆమెకు మరే ఇబ్బందీ లేదు. బ్యాంకు పనుల దగ్గర నుంచి ఏటా ఆవకాయ పెట్టడం వరకు ఇంటి వ్యవహారమంతా ఇప్పటికీ ఆమె చేతి మీదుగానే నడుస్తోంది. నేను పుణెలో, తమ్ముడు అమెరికాలో ఉంటున్నాము.

మా ముందు నాలుగు మార్గాలున్నాయి. విజయవాడ దగ్గర ఒక సీనియర్ లివింగ్ ప్రాంగణంలో ఫ్లాటు తీసుకుని ఇద్దరినీ అక్కడికి మార్చాలన్నది తమ్ముడి అభిప్రాయం. అక్కడ భోజనశాల ఉంది, డాక్టరు వచ్చి చూసి వెళతారు, ఆపదలో నొక్కే గంట ఉంది. కానీ స్నానం చేయించే, బట్టలు కట్టే మనుషులు ఉండరు, కావాలంటే మనమే పెట్టుకోవాలి. రెండోది, అసిస్టెడ్ లివింగ్ అని బోర్డు పెట్టుకున్న ఒక చిన్న హోమ్. అలాంటి సాయమంతా వాళ్లే చేస్తారు, మందులు వాళ్లే వేస్తారు, అయితే ఇద్దరికీ కలిపి ఒకే గది. మూడోది, నాన్నగారిని ఒక్కరినే నర్సులుండే చోట చేర్చి అమ్మ ఇంట్లోనే ఉండటం. నాలుగోది, ఉన్న ఇంట్లోనే మనిషిని పెట్టుకోవడం. ఫ్లాటుకు కావలసిన డబ్బు కోసం ఇల్లు ముందుగా తన పేర రిజిస్టర్ చేయిస్తే మిగతాదంతా తాను చూసుకుంటానని తమ్ముడు అంటున్నాడు.

అమ్మ ఏ సంగతీ తేల్చి చెప్పదు. బంధువుల్లో "ఇద్దరు పిల్లలుండి ఆశ్రమంలో పడేస్తున్నారట" అనే మాట అప్పుడే బయలుదేరింది. దాన్ని నేను పట్టించుకోదలచుకోలేదు. ఒకరికి ఎక్కువ సాయం కావలసి, మరొకరికి దాదాపు అక్కర్లేనప్పుడు ఎవరి అవసరాన్ని చూసి చోటు ఎంచుకోవాలన్నదే నాకు తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత నర్సు, గుంటూరు

అమ్మా, మొదట ఆసుపత్రిలోనూ, ఆ తరువాత ఇళ్లకు వెళ్లి చూసుకునే పనిలోనూ ఎక్కువ కాలం పెద్దవాళ్లతోనే గడిపినదాన్ని కనుక నాకు తోచింది చెబుతాను. వ్యాధి పేరును బట్టి గానీ, వయసును బట్టి గానీ స్థాయిని నిర్ణయించకండి. దీనికి 1963 నుంచి కాట్జ్ సూచిక అనే కొలమానం వాడుకలో ఉంది. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లి రావడం, మంచం మీది నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, అన్నం తినడం అనే ఆరు పనుల్లో దేనికి మరొకరి చెయ్యి కావాలో అందులో చూస్తారు. వంట, డబ్బు లెక్కలు, ఫోను, మందులు గుర్తుంచుకోవడం వంటివి దీనికి వేరుగా లెక్కిస్తారు. ఈ రెండో రకం పనులకు మాత్రమే సాయం కావలసినవారికి భోజనం, పనిమనిషి దొరికే ఫ్లాటు చాలు. ఆ ఆరింటిలో ఒకటి రెండు చేరితే అసిస్టెడ్ లివింగ్ తరహా సాయం కావాలి. మంచం మీది నుంచి లేపడానికే ఇద్దరు కావలసి వచ్చినా, మింగలేక ముక్కులో గొట్టం పెట్టవలసి వచ్చినా, ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చవలసి వచ్చినా అది చదువుకున్న నర్సు పర్యవేక్షణలో జరగవలసిన పని. మీరు రాసిన దాన్ని బట్టి మీ నాన్నగారు రెండో మెట్టు మీద ఉన్నారు, కాబట్టి మూడో మార్గం ఇప్పుడే అవసరం లేదు.

అయితే మీరు పగలు జరిగేదే రాశారు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఎవరు పట్టుకుని లేపుతున్నారు, మంచం నుంచి బాత్‌రూమ్ వరకు ఏమేమి అడ్డం వస్తున్నాయి? ఈ వ్యాధిలో పడుకున్న మనిషి లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగడం, రాత్రిపూట మూత్రానికి పదేపదే లేవడం మామూలు. గడప దగ్గరికో, ఇరుకు తలుపు దగ్గరికో వచ్చేసరికి కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతాయి, నడుం పైభాగం మాత్రం ముందుకు పోతుంది, మనిషి పడిపోతాడు. బ్రాడీపేట పాత ఇళ్లలో దొడ్డి వైపు బాత్‌రూమూ, ఎత్తు గడపలూ, నీళ్లు పడితే జారే నాపరాళ్లూ నేను చాలా చూశాను. గడపకు ఇవతల నేల మీద అడుగు దూరానికొకటి చొప్పున రంగు టేపు పట్టీలు అడ్డంగా అంటిస్తే, వాటిని దాటబోయే ప్రయత్నంలో చాలామందికి కాలు కదులుతుంది. ఖర్చు లేని పని, ఈ రోజే చేయించండి.

ఏ హోమ్‌కు వెళ్లినా మీరు మొదట అడగవలసింది మందుల వేళ గురించి. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మాత్ర వేళ తప్పితే మనిషి బిగుసుకుపోతాడు. పప్పు, పెరుగు, గుడ్డు వంటి మాంసకృత్తులున్న ఆహారంతో కలిపి వేస్తే అది ఒంటికి సరిగా పట్టదు కనుక సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేస్తారు. చాలా హోమ్‌లలో ఉదయం టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం తరువాత అందరికీ ఒకేసారి ట్రే తీసుకుని తిరుగుతారు. ఆ పద్ధతి బీపీ మాత్రలకు సరిపోవచ్చు, మీ నాన్నగారికి సరిపోదు. విడిగా అలారం పెట్టి వేస్తారా అని అడిగి, వేస్తామంటే వేసిన వేళ రాసే పుస్తకం చూపించమనండి. మరొకటి, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కలవరపాటుకు ఇచ్చే హాలోపెరిడాల్ ఈ వ్యాధిని బాగా పెంచుతాయి. ఈ రెండు పేర్లూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చీటీ మీద రాసి నాన్నగారి ఫైలు అట్టకు అంటించండి, రాత్రిపూట అత్యవసర విభాగంలో కొత్త డాక్టరు చూసినప్పుడు అది అక్కరకొస్తుంది.

నా సలహా అడిగితే ఇప్పటికి నాలుగో మార్గమే మేలు. బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, ఎత్తు కమోడ్ సీటు, రాత్రికి మాత్రం ఒక మగ అటెండెంటు. అమ్మ దిట్టంగా ఉన్నంతకాలం సొంత వీధి, సొంత వంటిల్లు వదలకపోవడం మంచిది.

జవాబు: లక్ష్మీపురం పెద్దాయన

నర్సమ్మగారి మాటలన్నీ ఒప్పుకుంటాను, ఆఖరి సలహా ఒక్కటి తప్ప. నేనూ నా భార్యా విజయవాడ పొలిమేరలోని ఒక ప్రాంగణంలో ఉంటున్నాము. చేరేనాటికి ఇద్దరమూ నడిచేవాళ్లమే. ఇప్పుడు ఆమె అదే ఆవరణలో, సొంతంగా పనులు చేసుకోలేనివారిని చూసుకునే కేర్ బ్లాకులో ఉంది, నేను ఫ్లాటులో ఉన్నాను. పొద్దున్నే పేపరు పట్టుకుని వెళ్లి ఆమెకు చదివి వినిపిస్తాను, రాత్రి భోజనం అక్కడే చేసి వస్తాను. ఇది కుదరడానికి కారణం, మేము నడవగలిగిన రోజుల్లోనే చేరడం. స్వతంత్ర నివాసాల వాళ్లలో చాలామంది చేరేటప్పుడు వైద్య పరీక్ష అడుగుతారు, తమ పని తాము చేసుకోగలవారినే తీసుకుంటారు. ఇంకా చూద్దాం, ఇంకా చూద్దామని ఇంట్లోనే ఉండి, తుంటి ఎముక విరిగాక వెతకడం మొదలుపెడితే ఫ్లాటు తలుపు మూసుకుపోతుంది, ఏ హోమ్‌లో మంచం ఖాళీగా ఉంటే అక్కడ చేర్చవలసి వస్తుంది. అప్పుడు ఎంచుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకో మాట. కొత్త చోట అమ్మగారికి స్నేహితులు దొరకాలంటే ఆమెకు ఓపిక ఉన్నప్పుడే వెళ్లాలి. మా దగ్గర కార్తీక మాసంలో వన భోజనాలకు ముందుండి వంట చేయించేది, భజన మండలి నడిపేది అందరూ 75 లోపల చేరినవాళ్లే. అలాగని మీ తమ్ముడు చూసిన ప్రాంగణమే తీసుకోమని నేను అనడం లేదు. కేర్ బ్లాకు లేని ప్రాంగణం మీ నాన్నగారి విషయంలో ఎందుకూ కొరగాదు. అంత డబ్బు పోసి ఫ్లాటు కొని, అందులో మళ్లీ మీరే అటెండెంటును వెతుక్కోవాలంటే అది బ్రాడీపేటలోనే చేయవచ్చు.

జవాబు: పోరంకి కోడలు

మా అత్తగారిని అలాంటి ఒక హోమ్‌లో ఉంచిన అనుభవంతో రాస్తున్నాను. బ్రోషర్‌లో అసిస్టెడ్ లివింగ్ అని ఉన్నంత మాత్రాన ఏ ఏ పనులు చేస్తారో తెలిసినట్లు కాదు. రిటైర్మెంట్ హోమ్‌లకు కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది గానీ, బోర్డు మీద ఒకే పేరున్న రెండు చోట్ల మధ్య సేవల్లో ఎంతో తేడా ఉంటుంది. మేము చేర్చిన చోట మొదటి ఏడాది ఏ లోటూ లేదు. పక్షవాతం వచ్చి గొట్టం ద్వారా ఆహారం ఇవ్వవలసి వచ్చేసరికి "ఇలాంటి కేసులు మా దగ్గర ఉంచుకోము, ఈ నెలాఖరులోగా మార్చుకోండి" అన్నారు. ఒప్పందం తీసి చూస్తే ఆ మాట నిజంగానే సన్న అక్షరాల్లో ఉంది. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులకూ గది అద్దె పూర్తిగా వేశారు, డైపర్ల ఖర్చు, రాత్రి ఆయా ఖర్చు విడిగా వేశారు, డిపాజిట్ వెనక్కి రావడానికి చాలా కాలం తిప్పించారు.

అందువల్ల సంతకం పెట్టేముందు ఏ పరిస్థితి వస్తే ఖాళీ చేయమంటారో కాగితం మీద రాయించుకోండి. గొట్టాలు, మతిమరుపు ముదిరి బయటికి వెళ్లిపోవడం, రాత్రిపూట అరవడం, ఆక్సిజన్, వీటిలో ఏది వచ్చినా ఉంచుకుంటారా లేదా, ఉంచుకుంటే రుసుము ఎంత పెరుగుతుంది, ఆసుపత్రిలో ఉన్నప్పుడు గదికి ఎంత వసూలు చేస్తారు, ఒకరు పోతే రెండోవారికి ఆ గది ఉంటుందా అన్నవి అడగడానికి మొహమాటపడకండి. చూడటానికి వాళ్లు రమ్మన్న వేళకు కాకుండా ఆదివారం రాత్రి భోజనం వేళకు వెళ్లండి. ఎంతమందికి ఎంతమంది ఆయాలున్నారో, గంట నొక్కితే ఎంతసేపటికి వస్తున్నారో అప్పుడు తెలుస్తుంది. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందా, కరెంటు పోతే జనరేటరు లిఫ్టుకు కూడా ఉందా అని చూడండి. విజయవాడ వైపైతే ఇంకొకటి కూడా అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు మంచం పట్టిన పెద్దవాళ్లను పై అంతస్తులకు మోయడానికి ఇళ్లలో వాళ్లు ఎంత అవస్థ పడ్డారో చూశాము. కేర్ బ్లాకులను చాలాచోట్ల కింది అంతస్తులోనే పెడతారు, నీళ్లొస్తే వాళ్లను ఎవరు, ఎక్కడికి తరలిస్తారన్న దానికి నిర్వాహకుల దగ్గర జవాబు ఉండాలి.

నాన్నగారికి పెన్షనర్ల హెల్త్ కార్డు ఉండి ఉంటుంది. 70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ కార్డు కూడా ఇస్తున్నారు. ఇవి ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొచ్చేవే తప్ప హోమ్‌లో నెలనెలా కట్టే ఖర్చుకు పనికిరావు. ఆ ఖర్చును పెన్షన్ నుంచి, ఇంటి అద్దె నుంచి లెక్క వేసుకోవలసిందే.

జవాబు: సత్యనారాయణపురం వకీలు

ఇంటి సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక నేను చెబుతాను. తమ్ముడి మీద అనుమానంతో కాదు, ఎవరి విషయంలోనైనా ఇదే చెబుతాను. సంరక్షణ ఏర్పాటు స్థిరపడకముందే ఇల్లు పిల్లల పేర రాయవద్దు. రిజిస్టర్ అయిన దాన సెటిల్‌మెంటును మనసు మారిందని ఇచ్చినవారు తమంతట తాము రద్దు చేసుకోలేరు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్ ప్రకారం, తమను చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తి విషయంలో ఆ షరతు తప్పితే బదిలీని చెల్లనిదిగా ప్రకటించమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. అయితే ఆ షరతు ఉన్నదని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. 2025 జనవరిలో మరో కేసులో, దానపత్రం రాసిన రోజునే కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని లెక్కలోకి తీసుకుని తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. ఆ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే తెలిసేదేమిటంటే, రాసి తీరవలసి వస్తే పోషణ షరతు, ఇద్దరికీ జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు దస్తావేజులోనే ఉండాలి. నోటి మాట మీద వదలకూడదు.

డబ్బే సమస్య అయితే, 60 ఏళ్లు దాటిన ఇంటి యజమానులకు బ్యాంకులు రివర్స్ మార్ట్‌గేజ్ ఇస్తాయి. ఇల్లు మీ పేరనే ఉంటుంది, బ్యాంకు విడతలుగా డబ్బు ఇస్తుంది. కానీ ఆ ఇంట్లోనే నివాసం ఉండాలన్నది దానిలో షరతు కనుక ఇంటి దగ్గరే మనిషిని పెట్టుకునేవారికి అది పనికొస్తుంది, ఇద్దరూ శాశ్వతంగా వేరే చోటికి మారేట్లయితే పనికిరాదు. మారేట్లయితే ఇల్లు అద్దెకిచ్చి ఆ అద్దెను నెలసరి రుసుముకు మళ్లించడం నా దృష్టిలో అమ్మడం కన్నా మేలు, ఎందుకంటే చోటు నచ్చకపోతే వెనక్కి రావడానికి ఒక గూడు ఉంటుంది. ఇక ఫ్లాటు అంటున్నారు కదా, అది అమ్మకమా, దీర్ఘకాలపు లీజా, లేక డిపాజిట్ కట్టి ఉండటానికి మాత్రమే హక్కా అన్నది దస్తావేజు ముసాయిదా చూసి తేల్చుకోండి. కొత్తగా కడుతున్నదైతే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య అడగండి.

ప్రశ్న అడిగినవారు: బ్రాడీపేట ఆడపడుచు

అందరికీ ధన్యవాదాలు. నర్సమ్మగారు రాత్రి సంగతి అడిగాక సెలవు పెట్టి గుంటూరు వచ్చాను. వాళ్ల పక్క గదిలో పడుకుని చూస్తే అసలు విషయం తెలిసింది. అమ్మ తన పాత చీర అంచును తాడులా పేని, ఒక కొస నాన్నగారి చేతికర్రకు, మరో కొస తన మణికట్టుకు కట్టుకుని పడుకుంటోంది. ఆయన కర్ర అందుకోగానే ఈమెకు మెలకువ వస్తుంది. తెల్లవారేలోగా అలా చాలాసార్లు లేచింది. మీరు చెప్పినట్లే గడప దగ్గర నాన్నగారి కాళ్లు ఆగిపోయాయి, అమ్మ రెండు చేతులూ పట్టుకుని ముందుకు లాగింది. ఇదంతా ఎందుకు చెప్పలేదని అడిగితే "చెబితే ఆయన్ని ఎక్కడో పెడతారు, నన్ను ఇక్కడ పెడతారు" అంది. ఆమె ఏదీ తేల్చి చెప్పకపోవడానికి కారణం అదేనని నాకు అప్పుడు అర్థమైంది. విడిగా ఉంచే మూడో మార్గాన్ని ఆ రాత్రే వదిలేశాను. తమ్ముడితో మాట్లాడాను, ఇల్లు రాయించే మాట పక్కన పెట్టాడు. కేర్ బ్లాకు లేని ఆ ప్రాంగణం గురించి మాత్రం ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు నా సందేహం ఇది. రాత్రికి అటెండెంటును పెడితే అమ్మ నిద్ర సమస్య తీరుతుంది. లక్ష్మీపురం పెద్దాయనగారు చెప్పినట్లు ఆలస్యమయ్యే ప్రమాదమూ ఉంది. రెండూ కలిపి ఎలా చేయాలి?

జవాబు: విశ్రాంత నర్సు, గుంటూరు

అమ్మా, ఆ తాడు సంగతి చదివాక నా మొదటి సలహాను కొంత మారుస్తున్నాను. అమ్మ దిట్టంగా ఉందన్న మాట పగటికే వర్తిస్తుందని తేలింది. 75 ఏళ్ల మనిషి నెలల తరబడి అలా నిద్ర లేకుండా ఉంటే ముందు పడిపోయేది ఆమే కావచ్చు. రాత్రి అటెండెంటును ఈ వారంలోనే పెట్టండి. ఏజెన్సీ ద్వారా అయితే ఆధార్ కాపీ తీసుకోండి, పోలీసు వెరిఫికేషన్ అయిందో లేదో అడగండి, మనిషి రాని రోజున బదులు ఎవరిని పంపుతారో ముందే రాయించుకోండి.

దానితో పాటు, పెద్దాయనగారు చెప్పినట్లు ఒకే ఆవరణలో ఫ్లాట్లూ కేర్ బ్లాకూ రెండూ ఉన్న చోట్లను వెతకడం ఇప్పుడే మొదలుపెట్టండి. కొన్నిచోట్ల నెల రోజులకు తాత్కాలికంగా కూడా చేర్చుకుంటారు. ఎండాకాలం కాకుండా చూసుకుని ఇద్దరినీ కలిపి ఒక నెల ఉంచి చూడండి. అమ్మకు అక్కడి భోజనం పడిందా, నాన్నగారికి మాత్ర వేళకు అందిందా అన్నది ఆ నెలలో తెలిసిపోతుంది. విడదీయబోమని ముందుగా అమ్మకు మీరిద్దరు పిల్లలూ కలిసి చెప్పండి, లేకపోతే ఆ నెలను కూడా ఆమె అనుమానంతోనే గడుపుతుంది.

చేతులు పట్టుకుని లాగడం మాత్రం ఈ రోజు నుంచే మానిపించండి, అలా లాగితే ఇద్దరూ కలిసి పడతారు. కాళ్లు ఆగినప్పుడు అమ్మ పక్కన నిలబడి, ఒక్క క్షణం ఆగమని చెప్పి, బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చమని, ఆ తరువాత ఒకటి, రెండు అని లెక్క పెడుతూ పెద్ద అడుగు వేయమని చెప్పాలి. కుర్చీలో నుంచి లేచేటప్పుడు ముందు అంచుకు జరిగి, పాదాలు వెనక్కి తీసుకుని, ముక్కు మోకాళ్ల మీదికి వచ్చేంత వంగి లేవాలి. అటెండెంటు వచ్చిన మొదటి రాత్రి మీరు దగ్గరుండి ఇది చేయించి చూపించండి.